నార్వేకి పన్నెండు పాయింట్లు

వల్లెట్టాలో మెట్లవీధిలో, టోపీల దుకాణం పైన ఉంటుంది డిటెక్టివ్ వెన్జు జెరాఫా ఆఫీసు. మే నెలాఖరు సోమవారం ఉదయం ఆ మెట్లెక్కి వచ్చిన అమ్మాయిని చూసి, ఆయన సహాయకుడు ఇంద్రి తబోన్ మర్యాదగా లేచి, తింటున్న వేడి జున్ను పస్తిత్సీ పఫ్‌ని గబగబా కుర్చీలో పెట్టి, కంగారులో మళ్ళీ దాని మీదే కూర్చున్నాడు.

తప్పు పట్టడానికి లేదు. తొమ్మిది రోజుల కిందట దీవి మొత్తం టీవీల ముందు ఊపిరి బిగబట్టి చూసిన ముఖం అది. యూరప్ పాటల పోటీలో మాల్టా తరఫున పాడి, కేవలం నాలుగు పాయింట్ల తేడాతో నార్వే చేతిలో ఓడిపోయిన మార్విక్ సాలిబా. ఆ రాత్రి మా దీవిలో హాయిగా నిద్రపోయిన ప్రాణి ఒక్కటే, అది వెన్జు జెరాఫా. ఆయనకి పాటలంటే తలనొప్పి.

"భయంగా ఉందండీ జెరాఫా గారూ," అంది మార్విక్.

"ఎవరంటే?"

"ఎవరూ కాదండీ. నిజమేంటో తెలిస్తే ఏమవుతుందోనని."

చేతిరుమాలు మెలిపెడుతూ చెప్పుకొచ్చింది. పోటీలో ప్రతి దేశం నుంచీ పదహారుమంది మామూలు మనుషులు జ్యూరీగా కూర్చుంటారు. తమకు నచ్చిన పది పాటల్ని ఒక్కొక్కరూ వరసపెట్టి రాస్తారు. సొంత దేశం పాట రాయకూడదు. ఆ పదహారు కాగితాలూ కలిపి కూడితే వచ్చేది దేశం ఓటు, అందులో మొదటి పాటకి పన్నెండు పాయింట్లు. మాల్టా జ్యూరీలో ఈసారి మార్విక్ మేనత్త దుమింకా ఉంది. హల్ కార్వా ఊళ్ళో దర్జీ. మార్విక్ వేదికెక్కిన నీలం గౌను కుట్టింది ఆవిడే.

"గురువారం పొద్దున మా ఊరి బ్యాండు క్లబ్బు నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనబడిందండీ. జ్యూరీ మనిషి ఓటుకి నకలట. మొదటి పేరు నార్వే. అప్పట్నుంచీ ఊళ్ళో అత్తతో ఎవరూ మాట్లాడటం లేదు. ముప్పై ఒక్కేళ్ళుగా మా క్లబ్బు పతాకానికి జరీపని చేసేది అత్తే. ఉత్సవంలో దాని కుచ్చు పట్టుకుని నడిచేదీ అత్తే. ఎల్లుండి మీటింగు పెట్టి ఆ పతాకం తీసేసుకుంటారట."

"మీ అత్తని అడిగావా?"

మార్విక్ తల దించుకుంది. "వెళ్ళలేదండీ. తొమ్మిది రోజులైంది. అవునంటుందేమోనని."

జెరాఫా ఇంద్రి వైపు తిరిగి, "ఈ పిచ్చి గురించి నాకు పాఠం చెప్పవోయ్," అన్నాడు.

ఇంద్రికి అంతకంటే కావలసిందేముంది? సొరుగులోంచి లావుపాటి నోటుబుక్కు తీశాడు. ఇరవై ఏళ్ళ ఓట్లు, ఏ దేశం ఎవరికి ఎంత వేసిందో, రంగు పెన్సిళ్ళతో సహా అందులో ఉన్నాయి.

"సైప్రస్‌కి గ్రీసు ఉంది సార్, గ్రీసుకి సైప్రస్ ఉంది. పైనున్న మంచుదేశాలు ఒకరి విస్తట్లో ఒకరు వడ్డించుకుంటారు. మనకి పొరుగెవరు? సముద్రం. సముద్రానికి ఓటు లేదు. అయినా ఈసారి, మూడు దేశాలు ఓటు చెప్పాల్సి ఉందనగా తొమ్మిది పాయింట్ల ముందున్నాం. అప్పుడు తన్నేసింది."

"మనం ఎవరికి వేశాం?"

"నార్వేకి పన్నెండు, సైప్రస్‌కి పది, ఐర్లాండ్‌కి ఎనిమిది, ఫిన్లాండ్‌కి ఏడు..."

"ఇక్కడ పోర్చుగల్ అని రాసి కొట్టేశావే?"

"నా తప్పు కాదు సార్. మన ఏడు పాయింట్లనీ స్కోరుబోర్డు వాళ్ళు ఒక వరస కిందికి, పోర్చుగల్ ఎదురుగా వేసేశారు. ఊరూరా చౌకులో పెద్ద తెర పెట్టి చూస్తాం కదా, ఆ గోలకి ఎవరికీ మాటలు వినబడవు, బోర్డు చూసి రాసుకోవడమే. అన్ని దేశాలూ అయ్యాక, విజేతను చెప్పబోయే ముందు, పొరపాటైందని చెప్పి దిద్దారు."

"నాలుగు పాయింట్లతో ఓడాం. ఆ నార్వేకి మనమే పన్నెండు ఇచ్చాం."

"అదే సార్ కడుపుమంట," అన్నాడు ఇంద్రి.

*

దుమింకా ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. అరవై ఏళ్ళ సన్నటి మనిషి. వచ్చినవాళ్ళకి గ్లాసుల్లో టీ పోసి, నాలుగు మేకజున్ను బిళ్ళలు పళ్ళెంలో పెట్టింది.

"ఎవరో పుణ్యాత్ములు శుక్రవారం నుంచీ రోజూ గుమ్మంలో పెట్టి పోతున్నారు. ఊళ్ళో ఒక్కరికైనా నా మీద జాలుంది. తినండి బాబూ, ఒక్కదాన్నీ ఎన్ని తింటాను?"

"నార్వేకి వేశారా అమ్మా?" అని సూటిగానే అడిగాడు జెరాఫా.

"నోటరీ ముందు సిలువ మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను. రాసిన పేర్లు చచ్చినా చెప్పను. ఫాదర్ అడిగినా చెప్పలేదు, నీకు చెబుతానా?"

"పోనీ, మీరు జ్యూరీలో ఉన్నట్టు ఊరికెలా తెలిసింది? అది కూడా రహస్యమే కదా."

దుమింకా మొహం ఎర్రబడింది. "నా మతిమరుపే. అక్కడ కోటుకి తొమ్మిది నంబరు బిళ్ళ పెట్టారు. తీయడం మరిచి అలాగే ఆఖరి బస్సు దిగాను. మా క్లబ్బూ, ఊళ్ళోని ఎదురు క్లబ్బూ, చౌకులో జనం అంతా అప్పటిదాకా కదల్లేదు. రెండు క్లబ్బులవాళ్ళూ చూశారు. 'ఏం తొమ్మిదో నంబరూ, ఎవరికి వేశావు?' అని ఆటపట్టించారు. అప్పుడు నవ్వుతూనే అడిగారులే."

మార్విక్ ఎలా ఉందని ఆవిడ అడగలేదు. గుమ్మం దాటాక మాత్రం ఇంద్రి చెయ్యి పట్టుకుని, "పిల్ల సరిగా తింటోందా?" అంది.

*

క్లబ్బు అధ్యక్షుడు ఫ్రేదు ప్సాయిలా పొట్టిమనిషి, పెద్దగొంతు. బార్ చూసుకునే జీజా లోకజ్ఞానం గల మనిషి. నోటీసు బోర్డు మీది కాగితంలో పెద్ద అక్షరాలతో పది దేశాలు వరసగా ఉన్నాయి: నార్వే, సైప్రస్, ఐర్లాండ్, పోర్చుగల్, ఇంకో ఆరు. పైన "మాల్టా జ్యూరీ సభ్యుడి ఓటు" అని ఉంది. ఇంకేమీ లేదు. ఇంద్రి ఆ పదీ తన నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు.

"ఇది ఎదురు క్లబ్బువాళ్ళ పనేనయ్యా," అన్నాడు ఫ్రేదు. "మన పరువు తీయడానికి. అయినా కాగితం పెట్టినవాడు వెధవైతే మాత్రం, వేసిన ఓటు అబద్ధమవుతుందా? సొంత మేనకోడలి నోటికాడ కూడు లాగేసింది."

"ఆ రాత్రి చౌకులోంచి ముందుగా వెళ్ళిపోయినవాళ్ళెవరు?" అని జీజాని అడిగాడు జెరాఫా.

"ఎవరు కదులుతారండీ? మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో కూడా చివరి ముక్క దాకా నిలబడింది. మా క్లబ్బు బాణసంచా కాల్చే స్పీరు తప్ప. ఇంకా మూడు దేశాలుండగానే 'గెలిచేశాం' అని పొలానికి పరిగెత్తి, ఔట్లన్నీ కాల్చిపారేశాడు. ధన్‌మని మోగింది ఆకాశం, ఆ మరుక్షణం నుంచీ మనకి ఒక్క పాయింటూ పడలేదు. ఎదురు క్లబ్బువాళ్ళు వాడి మీద పాట కూడా కట్టారు."

"వాడి దిష్టే తగిలిందని మొదట అందరం అనుకున్నాం," అన్నాడు ఫ్రేదు. "ఈ ఏడు ఉత్సవానికి బాణసంచా వాడి చేతుల్లోంచి తీసేద్దామని కూడా అనుకున్నాం. ఆదివారం నుంచీ ఊళ్ళోకే రాలేదు, పొలంలోనే పడి ఉన్నాడు. ఇంతలో ఈ కాగితం వచ్చింది. దాంతో వాడి సంగతి మర్చిపోయాం."

పొలంలో స్పీరు మేకలకు నీళ్ళు పెడుతున్నాడు. చేతివేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. జెరాఫా దుమింకా పేరెత్తగానే నెత్తి మీది టోపీ తీశాడు.

"బంగారంలాంటి మనిషి. ఆవిణ్ణి ఏమీ అనొద్దని చెప్పండి సార్. ఒక్క ఓటుతో దేశం ఓడిపోతుందా?"

"ఆవిడ జ్యూరీలో ఉన్నట్టు నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం సాయంత్రం. గడ్డిబండివాడు చెప్పాడు." అలా అని స్పీరు మళ్ళీ మేకల వైపు తిరిగాడు. తిరుగుదారిలో జెరాఫా ఈలపాట అందుకోవడం చూసి ఇంద్రి నిర్ఘాంతపోయాడు. ఆయన ఈల వేయడం అదే మొదటిసారి.

*

బుధవారం సాయంత్రం ఆరింటికి క్లబ్బు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో దుమింకా ఒక్కతే కూర్చుంది, పక్క కుర్చీలు ఖాళీ. మార్విక్ తలుపు దగ్గర నిలబడింది. స్పీరుని ఇంద్రి స్వయంగా బండెక్కించి తెచ్చాడు. బల్ల మీద ఎర్రపట్టు పతాకం మడతపెట్టి ఉంది.

జెరాఫా ఆ కాగితం ఎత్తి చూపాడు. "ఇది దుమింకా గారిదని ఎవరు చెప్పారు?"

"ఊళ్ళోంచి జ్యూరీకి వెళ్ళింది ఆవిడే కదా," అన్నాడు ఫ్రేదు.

"కాగితం మీద ఆ మాట ఉందా? పేరు లేదు, నంబరు లేదు. ఆవిడ కోటు మీది తొమ్మిదిని రెండు క్లబ్బులవాళ్ళూ చూశారు. ఆవిడ పరువు తీయదలచుకున్నవాడు ఆ తొమ్మిదిని పెద్దగా రాసేవాడు కాదూ? రాయలేదంటే, వాడికి ఆవిడ మీద కోపం లేదు. అసలు ఆవిడ జ్యూరీకి వెళ్ళినట్టే వాడికి తెలియదు."

హాలులో గుసగుసలు మొదలయ్యాయి.

"రెండోది. ఇంద్రీ, మన దేశం వేసిన ఓటు చదువు. ఆ పక్కనే ఈ కాగితమూ చదువు."

ఇంద్రి చదివాడు. నాలుగోది తప్ప మిగతా తొమ్మిదీ అవే, అదే వరసలో.

"పదహారుమంది పదహారు రకాలుగా రాసినవి కలిపి కూడితే వచ్చిన వరస అది. అది ఒక్క మనిషి మనసులో అచ్చుగుద్దినట్టు ఎలా ఉంటుంది? ఆదివారం మకరోనీలో జున్నెంత వెయ్యాలో మొగుడూ పెళ్ళాలకే కుదరదే. కాబట్టి ఇది ఎవరి ఓటూ కాదు. ఆ రాత్రి బోర్డు చూసి రాసుకున్న పట్టీకి నకలు. ఇక ఆ నాలుగోది. పోర్చుగల్‌కి మనం ఒక్క పాయింటు కూడా వేయలేదు. బోర్డువాళ్ళు తప్పు వేసి, ఆఖర్న దిద్దారు. మీరంతా దిద్దుకున్నారు. దిద్దుకోనివాడు దిద్దేటప్పుడు చౌకులో లేడు. బస్సు వచ్చేటప్పుడూ లేడు. బిళ్ళా చూడలేదు. అలాంటి మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే."

ఎవరూ వెనక్కి తిరిగి చూడనక్కర్లేకపోయింది. స్పీరు తనే లేచాడు.

"ఈ ఊరి ఔట్లు మా తాత కాల్చాడు, నాన్న కాల్చాడు. నా దగ్గరికొచ్చేసరికి లాగేసుకుంటారని భయమేసింది," అన్నాడు. "ఆ కాగితం పెడితే తప్పు పట్నంలో ఎవడో మొహం తెలియనివాడి మీదికి పోతుందిలే, తిట్టు వాడికి తగలదులే అనుకున్నాను. తీరా చూస్తే దుమింకా పేరు చెప్పారు. చెప్పేద్దామని రోజూ గుమ్మం దాకా వెళ్ళాను. నోరు పెగల్లేదు. జున్ను పెట్టి వచ్చేశాను."

"అందుకే ఉప్పు ఎక్కువైంది," అంది దుమింకా.

ముందు జీజా నవ్వింది. ఆ తరువాత హాలంతా. స్పీరు మాత్రం నవ్వలేదు, చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. "కూర్చోరా. నీ ఔట్లు లేకపోతే ఉత్సవం ఏం ఉత్సవం?" అని దుమింకాయే అంది. బాణసంచా సంగతి ఆ మాటతో తేలిపోయింది. ఫ్రేదు పతాకం తెచ్చి, ఒక్క ముక్కా మాట్లాడకుండా ఆవిడ ఒళ్ళో పెట్టాడు. అంత పెద్దగొంతు మనిషికి అది పెద్ద శిక్షే.

అంతటితో ఊరుకుంటే మా వాళ్ళు మా వాళ్ళెందుకవుతారు? వెనక బెంచీలోంచి ఎవరో అడగనే అడిగారు: "కాగితం దొంగదే అనుకో. ఇంతకీ నార్వేకి నువ్వు వేశావా లేదా దుమింకా?"

జెరాఫాకి కోపం వచ్చింది. తలుపు దగ్గర్నుంచి మార్విక్ వచ్చి అత్త ముందు నిలబడింది.

"వేస్తే వేశావులే అత్తా. నేను తెర పక్కన నిలబడి విన్నాను, ఆ నార్వే పిల్ల నాకంటే బాగా పాడింది. నీ చోట నేనున్నా దానికే వేసేదాన్ని. ఇన్నాళ్ళూ రానందుకు నన్ను తిట్టు, ఇది మాత్రం చెప్పకు."

దుమింకా పతాకం అంచులో లేచిన దారం ఒకటి వేలితో సవరించింది.

"నేను ఒట్టేసింది లెక్కలోకి తీసుకున్న పేర్ల గురించే," అంది. "చెరిపేసిన పేరు చెబితే పాపం లేదు. పెన్సిలు చేతికివ్వగానే మొదటి గీత మీద మాల్టా అని రాశాను. నోటరీ వచ్చి, సొంత దేశం కుదరదమ్మా అని రబ్బరుతో చెరిపేశాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ చెరిపేశాడు. ఆ మీదట ఆ గీత మీద ఎవరుంటే నాకేంటే?"

మార్విక్ అత్త పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, పతాకం రెండో కొస తన ఒళ్ళోకి లాక్కుంది.