నష్టమేమీ లేదని రాసిన పుస్తకం

ఉతికిన దుప్పట్ల బుట్ట చంకనెత్తుకుని పెరట్లోకొచ్చిన ఐడెల్లాకి ఒళ్ళు మండిపోయింది. బట్టలారేసే తీగ మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా కాగితాలే. అవీ ఆవిడ క్లిప్పులతోనే.

ఒహాయో నది ఊరి మీదికి వచ్చిపోయి చాన్నాళ్ళయినా గోడలకింకా బురద కంపు వదల్లేదు. ఆ కాగితాలేమో యుద్ధవీరుల కొడుకుల సంఘం రికార్డులు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడిన పెద్దల కొడుకులు ఆ ఊళ్ళో పెట్టుకున్న సంఘమది. దానికి ఐడెల్లా మొగుడు ఓరిన్ కార్యదర్శి.

"నా దుప్పట్లు నీ నెత్తిమీద ఆరేసుకోనా?" అని అరిచింది.

"మేడెక్కించినా చెమ్మ పట్టాయి ఐడెల్లా. మధ్యాహ్నానికి తీసేస్తాను. అన్నట్టు, సంఘం హాల్లో ఇంకా బురదుంది కదా, ఇవాళ మీటింగు మనింట్లోనే. కాఫీ, కాస్త ఆపిల్ పై..."

"పై కావాలా! నా పెట్టె ఏటి పాలు చేసి పై అడుగుతున్నావా?"

"ఎన్నిసార్లు చెప్పను? నువ్వు పిలవడం నాకు వినబడలేదు. ఆ నీళ్ళ హోరులో ఎవరికి వినబడుతుంది?"

వరద రోజున ఐడెల్లా మేడ మీద అత్తగారు తిర్జాని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. ముసలావిడకి జ్వరం, ఊపిరాడటం లేదు. కదిలితే ఎక్కడ ప్రాణం పోతుందోనని భయం. అక్కణ్ణించే గొంతు చించుకుని అరిచింది, "ఓరిన్, నా పెట్టె! ముందు నా పెట్టె!" అని. ఆయన మెట్లెక్కి వచ్చాడు, దిగాడు, మళ్ళీ వచ్చాడు. వచ్చినప్పుడల్లా చేతుల్లో సంఘం పుస్తకాలే. ఆ పెట్టెలో అతుకుల బొంత ఉంది. గొంతువాపు జబ్బుతో పోయిన తన చిన్నపిల్ల వెర్నా గౌన్లు కత్తిరించి, ఐడెల్లా కళ్ళు తుడుచుకుంటూ కుట్టుకున్న బొంత.

పిండిలో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే ఆ పై అయితే చేసింది. పిండి మీద ఆవిడ పిడిగుద్దులు గదిలో ఉన్న తిర్జాకి వినిపించాయి.

"అమ్మాయ్, ఆ పిండేం పాపం చేసింది? గుద్దాల్సినవాణ్ణి గుద్దక!"

"మీ అబ్బాయే కదత్తా. మీరే గుద్దండి."

"నా చేతుల్లో బలముంటే నిన్ననే గుద్దేదాన్ని."

మధ్యాహ్నం ముందుగది నిండా మగవాళ్ళే. చెప్పుల కొట్టు లూథర్ పెక్ అధ్యక్షుడు. ఏ మీటింగైనా పోయినసారి రాసిన మినిట్స్ చదవడంతో మొదలవుతుంది. ఓరిన్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"...వరదలో సంఘం రికార్డులన్నీ, ఏ నష్టమూ లేకుండా కాపాడినందుకు కార్యదర్శికి సభ్యులు కృతజ్ఞతలు తెలిపారు."

"ఇందులో తప్పులుగానీ, విడిచిపెట్టినవిగానీ ఉన్నాయా?" అన్నాడు లూథర్. ఆ మాట అడగడం ఆనవాయితీ. లేవని తలూపి బల్ల మీది ఆపిల్ పై వంక చూడటమూ ఆనవాయితీయే.

"ఉంది," అంది ఐడెల్లా, వంటింటి గుమ్మంలో కాఫీ కెటిల్ పట్టుకుని.

లూథర్ కంగారుపడ్డాడు. "అమ్మా, సభ్యులే మాట్లాడాలి..."

"ఒరేయ్ లూథర్!" గదిలోంచి తిర్జా గొంతు. "సంఘం పెట్టిన నాడు మీ అందరికీ రొట్టెలు కాల్చి పెట్టిందాన్ని నేను. నా కోడల్ని మాట్లాడనీ!"

"ఏ నష్టమూ లేకుండా అని రాసుకున్నారే," అంది ఐడెల్లా. "నా పెట్టె పోయింది. నా పిల్ల బొంత పోయింది. అది నష్టం కాదా?"

"ఐడెల్లా, వీళ్ళ ముందు వద్దు," అన్నాడు ఓరిన్.

"మరెవరి ముందు? ఇంట్లో అడిగితే నీకు చెవుడాయె!"

"ఆ పుస్తకాలు పోతే మా నాన్నావాళ్ళ పేర్లు ఎవరికి తెలుస్తాయి?"

"మీ నాన్న పేరు సమాధి రాయి మీదుంది, ఊళ్ళో యుద్ధస్మారక స్తంభం మీదుంది, నీ పుస్తకాల్లో పేజీ పేజీకీ ఉంది. వెర్నా బడికైనా వెళ్ళకుండానే పోయింది. దాని పేరు ఎక్కడుంది చెప్పు? చేత్తో తడుముకోడానికి నాకు మిగిలింది ఆ బొంతొక్కటే!"

లూథర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సవరణ రాయి ఓరిన్," అన్నాడు మెల్లిగా.

ఓరిన్ కూర్చుని రాశాడు. రాసింది చదవడం ఆయన పనే కదా, చదివాడు. "సవరణ. నష్టం జరిగింది. కార్యదర్శి కూతురు వెర్నా గౌన్లతో కుట్టిన బొంత వరదలో పోయింది. మధ్యలో నీలం గౌను ముక్క..."

"పసుపు," అంది ఐడెల్లా. "చెర్రీ పళ్ళ అచ్చు. ఆ గుడ్డ కొనుక్కొచ్చింది నువ్వే."

ఓరిన్ నీలం కొట్టేసి పసుపు అని రాశాడు.

"ఇంకేమైనా విడిచిపెట్టామా?" అడిగాడు లూథర్.

కలం పట్టుకున్న ఓరిన్ చెయ్యి కాగితం మీద ఆగిపోయింది.

"ఉంది," అన్నాడు ఓరిన్ తలెత్తకుండానే. "ఆ రోజు నా భార్య పిలిచింది. నాకు వినబడింది."

ఆ మాట కూడా రాశాడు. రాస్తుంటే కళ్ళనీళ్ళు పడి సిరా అలుక్కుపోయింది. ఐడెల్లా కెటిల్ బల్ల మీద పెట్టింది. ఇంతవరకూ ఏ ఆడదీ కూర్చోని ఆ మగవాళ్ళ వరసలో, మొగుడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నడుముకున్న ఏప్రాన్ కొంగుతో ఆ పేజీ మీద తడి మెల్లిగా అద్దింది.

"చూసుకుని రాయి," అంది. "దాని పేరు చెరిగిపోతుంది."