వెలుగు పెంచని ఫోటో

“అచోల్‌ని ఏం చేశావ్, నాథన్?”

యూనివర్సిటీ లైబ్రరీలో అందరూ తలెత్తి చూశారు. జెన్సీ లాప్‌టాప్ నా వైపు తిప్పింది. నేను ముందురోజు తీసిన ఫోటో అది. మధ్యలో కుర్చీ, అందులో దర్జాగా ఆమె క్లాస్‌మేట్ అచోల్. సౌత్ సుడాన్ అమ్మాయి.

“కొంచెం బ్రైట్ చేశా. బాలేదా?”

“నా ప్రెజెంటేషన్ దేనిమీదయ్యా? పాత యూరప్ పెయింటింగ్స్‌లో నల్లజాతి ఆడవాళ్ళని ఓ మూల పళ్ళెం పట్టుకుని నిలబెట్టేవాళ్ళు, పక్కనున్న దొరసాని ఇంకా తెల్లగా కనబడాలని! అచోల్‌ని మధ్యలో కూర్చోబెడదామంటే నువ్వు తన రంగే తీసేశావ్!”

“సారీ, అలవాటు. మన చర్చి ఆంటీలందరికీ అలాగే చేస్తా. ఎవరూ తిట్టలేదే!”

నోరు జారానని వెంటనే తెలిసింది.

“సంబంధాలకని మా అమ్మ తీయించిన నా ఫోటో?”

“అదీ... ఆంటీయే తెల్లగా చెయ్యమన్నారు.”

తిట్టినా బాగుండేది. ఆమె కళ్ళు నిండాయి, లేచి వెళ్ళిపోయింది. మూడేళ్ళుగా దొంగచూపులు చూస్తున్న ముఖాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు అచోల్‌కి జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆమె పకపకా నవ్వింది.

“స్కూల్ ఫోటోల నుంచీ ఇదే గొడవ! నన్ను కాదు, లైట్‌ని మార్చు” అంది ఇంగ్లీషులో.

కిటికీ పక్కన కూర్చోబెట్టి గంటసేపు తంటాలు పడ్డాను. ఆ నల్లని చెంప మీద వెలుగు ఎంత అందంగా నిలుస్తుందో మొదటిసారి చూశాను. ఫోటో జెన్సీకి పంపితే జవాబు రాలేదు.

ప్రెజెంటేషన్ రోజు పిలవకపోయినా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. చివర్లో తెరనిండా అచోల్ కనిపించగానే హాలంతా చప్పట్లు కొట్టింది.

బయట జెన్సీ నా ముందుకొచ్చి ఆగింది.

“నాదీ మళ్ళీ తియ్. తెల్లగా చేశావో, చంపేస్తా!”

ఆ ఆదివారం ఊరి శివార్లలో, వెర్రిబీలోని జెన్సీ వాళ్ళింట్లో వాళ్ళమ్మ మరియరాణి ఆంటీ కొత్త ఫోటోని చాలాసేపు చూశారు.

“నలుపే వచ్చింది బాబూ” అన్నారు. ఫోటోని ఇంకా దగ్గరికి తీసుకుని, “అచ్చం మా అమ్మే. ఆవిడెంత అందగత్తో! పెళ్ళివారికి ఇదే పంపుదాం.”

“ఎవరికీ పంపకండి ఆంటీ” అనేశాను. “నేనే అడుగుతున్నా.”

ఆంటీ నోరు తెరిచారు. జెన్సీ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“అడగాల్సింది నన్ను కదా?”

“నిన్నే అడుగుతున్నా జెన్సీ. నువ్వంటే నాకు చాలా ఇష్టం.”

ఆమె తల వంచుకుని నవ్వింది. “ఆ ఫోటో అతనికిచ్చెయ్యమ్మా.”