సంబంధం: ఇంకా కుదరలేదు

"నవ్వకండి," అంది అమ్మాయి.

అమ్మమ్మ నవ్వింది.

"అమ్మమ్మగారూ, నవ్వితే ఫోటో చెల్లదు. కాస్త నోరు మూసుకుని..." అని నాలిక కరుచుకుంది అమ్మాయి. "అంటే, పెదవులు కలిపి ఉంచండి."

అమ్మమ్మ ఇంకా నవ్వింది.

పక్కన నిలబడ్డ మనవడికి ఒళ్లు మండింది. "ఆవిడ మొహమే అంతండీ. డెబ్బై రెండేళ్లుగా అలాగే ఉంది. ఇప్పుడు మీకోసం మార్చుకోమంటారా?"

"నాకోసం కాదు, కంప్యూటర్ కోసం. పళ్లు కనిపిస్తే అది తీసుకోదు."

"దానికి చెప్పండి మరి."

"మీరే చెప్పండి. ఇదిగో, ఇక్కడే ఉంది." స్క్రీను అతని వైపు తిప్పింది.

అతను దాన్ని మళ్లీ ఆమె వైపే తిప్పేశాడు.

అది ఫారాలు నింపిపెట్టే కొట్టు. మారు తాళంచెవులు చేసేవాడి పక్కన ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు. అందులో ఒకటి కుంటుతుంది. వెనక లామినేషన్ మిషను. దాని దగ్గర అమ్మాయి నాన్న. రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడు. అయిదోది మాట్లాడితే వర్షం వస్తుందని వీధిలో అంటారు. అమ్మాయిని అందరూ ఫారాలమ్మాయి అంటారు.

మనవడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. అతన్ని మెకానిక్ అంటారు. అమ్మమ్మ మాత్రం ఒరేయ్ అంటుంది.

అమ్మమ్మ చెల్లెలు నీళ్లకు అవతల ఉంటుంది. లాంచీలో గంటన్నర. కానీ వేరే దేశం. ఇదివరకు లాంచీ దిగాక ఒక ముద్ర వేసి పంపేవారు. ఇప్పుడలా కాదు. రెండు రోజులకు వెళ్లాలన్నా ముందే కంప్యూటర్‌లో అనుమతి అడగాలి. జవాబు రావడానికి మూడు రోజులు పట్టొచ్చు. అది లేకపోతే లాంచీవాడు ఎక్కే చెక్క మీద కాలు పెట్టనివ్వడు. డెబ్బై దాటినవాళ్లకు తోడు మనిషి కూడా ఉండాలి. ఆ తోడు మనిషికీ అనుమతి కావాలి.

చెల్లెలికి కంటి ఆపరేషను. శుక్రవారం పొద్దున్న కట్టు విప్పుతారు.

"కట్టు విప్పగానే ముందు నీ మొహమే కనపడాలే అక్కా. డాక్టరు మొహం నాకెందుకు?" అని ఫోన్‌లో అంది. అక్కాచెల్లెళ్లు చూసుకుని ఆరేళ్లయింది. అమ్మమ్మ మాట ఇచ్చేసింది.

గురువారం పదింటికి లాంచీ. అది తప్పితే మళ్లీ శనివారమే. ఇవాళ సోమవారం.

ఆరు ఫోటోలు పాడయ్యాయి.

"ఏదైనా కష్టం తలుచుకోండి అమ్మమ్మగారూ."

అమ్మమ్మ కళ్లు మూసుకుంది. పోయిన తాతయ్యను తలుచుకుంది. పకపకా నవ్వింది. "ఓసారి బట్టల షాపులో, బొమ్మని పట్టుకుని కాస్త జరగమ్మా అన్నారే పిల్లా! జరగలేదని కోప్పడ్డారు కూడా."

ఫారాలమ్మాయి పెదవి కొరుక్కుంది. "ఇంకోటి తలుచుకోండి."

"సరే. వీడి పెళ్లి తలుచుకుంటాను."

మొహం రాయిలా అయిపోయింది. ఫోటో కుదిరింది.

అమ్మమ్మ ఫారం వెళ్లిపోయింది. మెకానిక్ ఫారం సగంలో ఉండగా వెనక నుంచి నాన్న పిలిచాడు.

"అమ్మడూ, పొగ."

మిషన్‌లో ఎవరిదో సర్టిఫికెట్టు ఇరుక్కుంది. ఫారాలమ్మాయి పరిగెత్తింది. "ఇంకా రెండు గళ్లే ఉన్నాయి. నింపి, కింద పంపు అని ఉంటుంది, అది నొక్కండి. చేతనవుతుందా?"

"మిషను మొత్తం విప్పి బిగించేవాణ్ని. రెండు గళ్లు నింపలేనా?"

మొదటి గడిలో 'వివాహం' అని ఉంది. కాలేదు అని కొట్టాడు. రెండో గడిలో 'సంబంధం' అని ఉంది. అంతే ఉంది. ముందూ లేదు, వెనకా లేదు.

అతను తల గోక్కున్నాడు.

"ఏమడుగుతున్నారురా?" అంది అమ్మమ్మ.

"సంబంధం అట."

"చూశావా! వాళ్లకి కూడా బెంగగా ఉంది."

"వాళ్లకెందుకే ఇది?"

"పెళ్లి కాలేదన్నావుగా, అందుకని అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు రాయి. ఆఫీసువాళ్ల దగ్గర దాచకూడదు."

ఒక్క వేలితో కొట్టాడు. ఇంకా కుదరలేదు.

"చూస్తున్నారు అని కూడా రాయి. లేకపోతే నేను పట్టించుకోలేదనుకుంటారు."

అదీ రాశాడు. పంపు నొక్కాడు.

బుధవారం మధ్యాహ్నం వాన. మెకానిక్ తడిసిపోయి వచ్చాడు.

"ఏం నింపారండీ మీరు? అమ్మమ్మకి వచ్చేసింది, నాది ఆపేశారు! ఆవిడ పెట్టె సర్ది గుమ్మంలో పెట్టుకుని కూర్చుంది. పెట్టె మీదే కూర్చుంది!"

"అరవకండి. చూస్తున్నాగా."

తెరిచింది. 'దరఖాస్తు నిలిపివేయబడినది. కారణం: సంబంధం స్పష్టంగా లేదు' అని ఉంది.

"నా సంబంధం స్పష్టంగా లేకపోతే వాళ్లకేం నష్టమండీ?"

ఆమె ఆ గడి చదివింది. మళ్లీ చదివింది.

"ఇది మీరే రాశారా?"

"రాశాను. అమ్మమ్మ చెప్పింది."

ఫారాలమ్మాయి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు ఊగింది. తర్వాత బల్ల మీద తల పెట్టేసింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనక నాన్న మెడ తిప్పి చూశాడు.

"సంబంధం అంటే... అమ్మమ్మగారికి మీరేమవుతారని! మనవడు అని రాయాలి!"

"పెళ్లయిందా అని అడిగి, వెంటనే సంబంధం అంటే ఎవడైనా ఏమనుకుంటాడండీ?"

ఆమె ఆలోచించింది. "అదీ నిజమే," అంది. మళ్లీ నవ్వింది. కళ్లలో నీళ్లు.

అతను పోట్లాడడానికి వచ్చాడు. ఎందుకు వచ్చాడో మర్చిపోయాడు.

"నవ్వకండి," అన్నాడు.

"ఏం?"

"కంప్యూటర్ తీసుకోదు."

ఆమె ఫైలు విసిరింది. తగల్లేదు. తగలాలని విసరలేదు.

మనవడు అని దిద్ది పంపింది. స్క్రీను మీద వచ్చింది: జవాబుకు మూడు రోజులు. ఇద్దరి నవ్వూ పోయింది. మూడు రోజులంటే శనివారం. శుక్రవారం కట్టు విప్పితే చెల్లెలికి డాక్టరు మొహమే.

"ఉండండి, ఫోన్ చేద్దాం," అంది.

అనుమతి ఆఫీసువాళ్లు ఫోన్ ఎత్తలేదు. ఒక పాట వేశారు. మధ్యలో ఒక గొంతు, 'మీరు వరుసలో పదిహేడో వారు' అంది.

మెకానిక్ కుర్చీ తిరగేశాడు. ఏ కాలు కుంటుతోందో చూశాడు. అది అవ్వకముందే లామినేషన్ మిషను రోలరుకు నూనె వేశాడు. దాని కీచుమనే అరుపు మానింది.

"ఖాళీగా కూర్చోలేరా మీరు?"

"చేతులు ఊరుకోవండి."

"ఫారం దగ్గర ఊరుకోవాల్సింది."

అతను ఒప్పుకున్నాడు. తర్వాత అడిగాడు. "ఇంతమందిని పంపిస్తారు కదా, అవతలి ఒడ్డు ఎలా ఉంటుంది?"

"నాకేం తెలుసు? నేనెప్పుడూ లాంచీ ఎక్కలేదు."

"అదేంటండీ!"

"అవతల నాకెవరున్నారు? ఎవరింటికని రాయను?"

మామూలుగానే అంది. అతను మాత్రం చేతిలో స్పానరు కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"కుర్చీ కాలికి బిగించడానికి మర కావాలి. తెస్తాను," అని వానలోకి వెళ్లాడు.

అప్పుడే ఫోన్ ఎత్తారు. ఆడగొంతు. ఫారాలమ్మాయి చేతులు ఖాళీగా ఉండాలని స్పీకర్‌లో పెట్టింది. గబగబా అంతా చెప్పింది. కన్ను, కట్టు, లాంచీ, పెట్టె.

"ఇంట్లోవాళ్లతో తప్ప మాట్లాడకూడదమ్మా. ఆయన్ని పిలవండి."

"మర కోసం వెళ్లారండి."

"దేనికోసం?"

"మరండీ. కుర్చీకి."

"సరే, ఆయన వచ్చాక చేయండి."

"అయ్యో పెట్టేయకండి! మళ్లీ పదిహేడో నంబరు నుంచి రావాలి!"

"అయితే మీరు ఆయనకేమవుతారో చెప్పండి."

'నేను ఆయన చెల్లెల్ని' అంటే అయిపోయేది. ఆ మాట ఆమె నోట రాలేదు. ఎదురుగా స్క్రీను మీద పాత ఫారం ఇంకా తెరిచే ఉంది. ఉన్నది చదివేసింది.

"సంబంధం... ఇంకా కుదరలేదండి. చూస్తున్నారు."

అటువైపు ఆ గొంతు కిసుక్కుమంది.

"ఆ ఫారం మీదా తల్లీ? నిన్నటి నుంచి మా ఆఫీసులో అదే మాట! టీ ఇచ్చే ఆవిడ కూడా కుదిరిందా అని అడుగుతోంది. అబ్బాయి మంచివాడేనా?"

"కోపం ఎక్కువండి."

"ఊఁ?"

"కానీ విరిగినదాన్ని వదిలిపెట్టరు."

"పొద్దున్న ఎనిమిదికల్లా పంపించేస్తాను. పెద్దావిణ్ని పెట్టె మీంచి లేవమనండి."

ఫోన్ పెట్టేసి ఫారాలమ్మాయి తల తిప్పింది. గుమ్మంలో మెకానిక్. చేతిలో మర. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎప్పుడొచ్చారు?"

"కోపం ఎక్కువ దగ్గర."

"అంతకుముందుది వినలేదు కదా?"

"గట్టిగానే మాట్లాడుతోందండీ ఆవిడ. వీధి చివరి నుంచే విన్నాను."

వెనక మిషను ఆగింది. నాన్న లేచి వచ్చాడు. "ఎవరు చూస్తున్నారు?" అన్నాడు.

"అది... పని జరగాలని ఊరికే అన్నాను నాన్నా."

"ఊరికేనా?" అన్నాడు మెకానిక్. గొంతు చిన్నదైపోయింది. మిషను మొత్తం విప్పి బిగించే మనిషి గొంతులా లేదు.

ఆమె బల్ల మీద కాగితాలు సర్దింది. సర్దినవే సర్దింది. "మీరు వెళ్లండి. లాంచీకి టైమవుతుంది."

"లాంచీ రేపు కదండీ."

"అయితే ఆ కుర్చీ సంగతి చూడండి."

ఊరికేనా అన్నదానికి జవాబు రాలేదని అతను గమనించాడు. కాదు అనలేదని కూడా గమనించాడు. కూర్చుని మర బిగించాడు. స్పానరు రెండుసార్లు జారింది.

నాన్న ఆ కుర్చీలో కూర్చున్నాడు. ముందుకు ఊగాడు. వెనక్కి ఊగాడు. కుంటలేదు.

"గట్టిగానే ఉంది," అన్నాడు. కూతురి వైపు చూసి అన్నాడు.

బయట వాన ఇంకా పెరిగింది.

గురువారం ఎనిమిదింటికి అనుమతి వచ్చింది. పదింటికి లాంచీ కదిలింది. ఒడ్డు మీద ఫారాలమ్మాయి కొట్టు తెరవకుండా వచ్చి నిలబడింది. చెయ్యి ఊపలేదు. గొడుగు ఊపింది.

శుక్రవారం కట్టు విప్పారు. చెల్లెలు రెప్పలు కొట్టుకుంటూ ఎదురుగా చూసింది.

"ఎవరే ఈ ముసలమ్మ? మా అక్కని పిలవండి."

అమ్మమ్మ నవ్వింది.

"ఓసి, నువ్వేనా!" అంది చెల్లెలు. ఆ నవ్వుని గుర్తుపట్టింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ ఏడ్చారు. కళ్లు తడపకూడదని డాక్టరు కేకలేశాడు.

మధ్యాహ్నానికి అమ్మమ్మ అంతా చెప్పేసింది. ఫారం, ఫోను, కుర్చీ, గొడుగు.

"ఆ పిల్లని తీసుకురండే. కళ్లు కొత్తగా ఉన్నప్పుడే చూడాలి," అంది చెల్లెలు.

మరుసటి సోమవారం అమ్మమ్మ కొట్లోకి వచ్చింది. వెనక మెకానిక్. కొత్త చొక్కా వేసుకున్నాడు. మడతలు తెలుస్తున్నాయి.

"ఫారం కావాలే పిల్లా."

"మళ్లీనా? ఎవరికి అమ్మమ్మగారూ?"

"నీకే. ఎవరింటికని రాయను అన్నావటగా. మా చెల్లెలింటికని రాయి."

ఫారాలమ్మాయి మెకానిక్‌ని చూసింది. మెకానిక్ పైకప్పుని చూశాడు. "రావాలనుంటేనే," అన్నాడు పైకప్పుతో. "నాకైతే మీరు రావాలని ఉంది. లాంచీలోకీ... తర్వాత ఎక్కడికైనా."

ఆమె లేచి కెమెరా అతని చేతిలో పెట్టింది. గోడకు ఆనుకుని నిలబడింది.

"తీయండి," అంది.

"నవ్వకండి మరి."

తొమ్మిది ఫోటోలు పాడయ్యాయి. చివరికి నాన్న వెనక నుంచి, "పొగ!" అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. పదోది కుదిరింది. పొగ లేదు.

గళ్లన్నీ ఆమే నింపుకుంది. వివాహం: కాలేదు. తర్వాతి గడి దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడేం రాయమంటారు, వియ్యంకుడుగారూ?" అంది అమ్మమ్మ వెనక్కి తిరిగి.

నాన్న ఆలోచించాడు. "కుదిరింది," అన్నాడు.

"అలా రాస్తే తిరిగొచ్చేస్తుంది నాన్నా!"

"రానీ."

"వస్తే మళ్లీ ఫోన్ చేద్దాం. ఇంకో కుర్చీ ఉందిగా," అన్నాడు మెకానిక్.

ఆమె అలాగే కొట్టింది. పంపు నొక్కింది.

మూడు రోజులు పడుతుందని ఉంది. సాయంత్రం కొట్టు కట్టేలోపే వచ్చేసింది.

'అనుమతి మంజూరైనది. సంబంధం స్పష్టంగా ఉన్నది.'