తొంభై నాలుగు

కొండెక్కి వచ్చిన రోజున కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటే, సేదగూడు మాత్రం తొంభైకి పైగా అంకె ఎందుకు చూపిస్తుందన్న అనుమానం వకుళను పదకొండేళ్ళుగా వదల్లేదు. దాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు. ఆమె బడిలో సైన్సు చెప్పే పంతులమ్మ. మన ఒంటికి అనిపించేది ఒకటి, కొలత చెప్పేది మరొకటి అయితే కొలతనే నమ్మాలని పిల్లలకు తనే చెప్పేది. పైగా గూటి చందాకు జీతంలో మూడో వంతు పోతోంది. అంత పోసి వాడుకుంటున్నదాన్ని శంకించడానికి మనసూ ఒప్పుకోదు. నొప్పే అబద్ధమేమోలే అనుకుని ఊరుకునేది.

ఆ శనివారం తెల్లవారుతుండగా అలిపిరి పాదాల మండపం దగ్గర అయిదుగురు ఆడవాళ్ళు కలుసుకున్నారు. అందరూ నలభై అయిదు దాటినవాళ్ళే. నెలకొక శనివారం, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ నడిచి కొండెక్కడం వాళ్ళకు ఇరవై ఏళ్ళ అలవాటు.

"ఎంతక్కా?" అని పలకరించింది వకుళ.

"తొంభై నాలుగు," అంది మునెమ్మ, ముంజేతి పట్టీ ఇటు తిప్పి. "నీదెంత?"

"డెబ్బై ఆరు."

ఆ ఊళ్ళో ఇప్పుడు పలకరింపు అదే. బాగున్నావా అని అడిగే వాడుక పోయి చాలా కాలమైంది. వీధి వీధికీ ఒక సేదశాల, అందులో వరసగా గుడ్డు ఆకారంలో మనిషి పట్టేటంత సేదగూళ్ళు. పొద్దున్నే స్నానం చేసి వెళ్ళి, గూటి అడుగున ఉన్న పాదపలక మీద రెండు కాళ్ళూ ఆనించాలి. పలక అరికాళ్ళ మీదికి వెలుగు వేసి, లోపల తిరిగే నెత్తురు రంగును బట్టి ఒళ్ళు ఎంతమట్టుకు తేరుకుందో నూటికి లెక్కగట్టి చెబుతుంది. మళ్ళీ పలక ఎక్కేదాకా ముంజేతి పట్టీ మీద అదే అంకె నిలిచి ఉంటుంది. ఆ తరువాత తలుపు మూసుకుంటుంది. చల్లటి పొగ, ఎర్రటి కాంతి, వడగట్టిన ప్రాణవాయువు, నలభై నిమిషాల సేద. నెలసరి ఆగే వయసులో కష్టపడి తిరిగే ఆడవాళ్ళ ఒళ్ళు తొందరగా తేరుకోదని, ఈ గూళ్ళను ముఖ్యంగా వాళ్ళ కోసమే తయారు చేశామని చేసినవాళ్ళు చెప్పారు. మొదట అది సౌకర్యంగా వచ్చింది. పోను పోను నియమమైంది. అంకె అరవైకి తగ్గితే వకుళను బడిలో ఆ రోజుకు పాఠం చెప్పనివ్వరు. మునెమ్మ ఘాట్ రోడ్డు మీద బస్సు తోలుతుంది. ఆమెకు ఎనభై ఉండి తీరాలి. ఆమె అంకె ఎన్నడూ తొంభైకి దిగలేదు. డిపోలో గోడ మీద ఆమె ఫోటో కూడా పెట్టారు.

అయిదుగురూ మండపం అరుగు మీద కూర్చున్నారు. నలుగురు పాదాలకు పసుపు రాసుకున్నారు. మునెమ్మ రాసుకోలేదు. ఆమె రోజూ ఇంట్లో స్నానం కాగానే రాసుకునే బయలుదేరుతుంది. గూళ్ళు రాకముందు, భర్త చెంగల్రాయులు పెద్ద జబ్బు నుంచి లేచిన ఏడాది మొక్కుకున్న మొక్కు అది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఎక్కడం మొదలయింది. గాలిగోపురం చేరేలోపు మునెమ్మ మూడు చోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా మెట్టు తుడిచి మళ్ళీ పసుపు పెడుతున్నట్టు నటించింది. వకుళ అది గమనించింది కానీ, తొంభై నాలుగు ఉన్న మనిషికి ఏమవుతుందని పట్టించుకోలేదు.

ఏడో మైలు దగ్గర వాళ్ళు ఇప్పుడు కూర్చోవడం లేదు. గూళ్ళు రాకముందు అక్కడ గంటసేపు కూర్చునేవాళ్ళు. ఇంటి నుంచి తెచ్చిన నువ్వులనూనె చేతుల్లో రుద్ది వెచ్చ చేసుకుని, ఒకరి పిక్కలు ఒకరు పట్టేవాళ్ళు. ఈ నెల నువ్వు పడితే పై నెల నేను. ఊళ్ళో సంగతులన్నీ ఆ గంటలోనే దొర్లేవి. గూళ్ళు తెరవడానికి ముందు నెల మునెమ్మ వంతు వచ్చింది. ఆమె వకుళ కంటే నాలుగేళ్ళు పెద్ద. పెద్దదానివి, నా కాళ్ళు నువ్వు పట్టడమేమిటని వకుళ ముడుచుకుంటే, వంతు వంతే, పై నెల వడ్డీతో తీర్చుదువులే అని నవ్వుతూ రెండు కాళ్ళూ పట్టింది. పై నెలకు గూళ్ళు వచ్చేశాయి. కొండ దిగి నేరుగా సేదశాలకు పోవడం అలవాటైపోయింది. వకుళ వంతు అలాగే ఉండిపోయింది. ఏడో మైలు దాటినప్పుడల్లా ఆమెకు అది గుర్తుకొచ్చేది. ఇప్పుడు అడిగితే నవ్వుతుందని ఊరుకునేది.

మోకాళ్ళ పర్వతం మొదట్లో మునెమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"ఏమ్మే వకుళా, రోంతసేపు ఆగుదామా?" అంది.

వకుళ వంగి పట్టీ చూసింది. తొంభై నాలుగు.

"తొంభై నాలుగు పెట్టుకోని కూర్చుంటావా? నాకుంటే ఈపాటికి పైకి పోయి లడ్డు తింటా ఉందును."

మిగతా ముగ్గురూ నవ్వారు. మునెమ్మ కూడా నవ్వింది.

"నిజమే. ఇంత అంకె పెట్టుకోని ఆయాసమంటే నాకే సిగ్గుగా ఉండాది," అని కొంగు దోపుకుని లేచింది.

పదమూడు మెట్లు ఎక్కింది. పద్నాలుగో మెట్టుకు పసుపు పెట్టడానికి వంగి, అలాగే పక్కకు ఒరిగిపోయింది. పసుపు గిన్నె మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది. వకుళ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుని స్వామి పేరు తప్ప మరో మాట నోట రాక కూర్చుండిపోయింది. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. చేతి పట్టీ మీద పచ్చటి అంకె మాత్రం నిలకడగా వెలుగుతూనే ఉంది.

గాలిడోలీ నాలుగు నిమిషాల్లో ఎగిరి వచ్చి ఆమెను పెద్దాసుపత్రికి దించింది. చేర్చుకునే ముందు తేరుకోలు అంకె రాసుకోవాలన్నది అక్కడి నియమం. నర్సు ఒక చిన్న పాదపలకను తెచ్చి, స్పృహలేని మునెమ్మ అరికాళ్ళకు ఆనించింది.

తొంభై నాలుగు.

నర్సు మంచం పక్క తెర మీద తడబడుతున్న గుండె గీతను చూసింది, మళ్ళీ పలకను చూసింది. పలక చెడిపోయిందనుకుని ఇంకొకటి తెచ్చింది. తొంభై నాలుగు. అప్పటికే ఇంజక్షను ఇస్తున్న డాక్టరమ్మ తల తిప్పి, కాళ్ళకు ఏమిటది అని అడిగింది. పసుపని చెప్పింది వకుళ. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి, తుడిచి పెట్టమంది.

నర్సు స్పిరిట్ దూదితో తుడిచింది. ఏళ్ళ తరబడి పట్టిన పసుపు. ఆరు దూది ఉండలు పచ్చబడ్డాయి. అరికాళ్ళు బయటపడ్డాయి. అవి బూడిద రంగులో ఉన్నాయి. పలక మళ్ళీ ఆనించింది.

ఇరవై ఏడు.

వకుళ బయటికి వెళ్ళి కుళాయి కింద సబ్బుతో తన పాదాలు తోముకుంది. పసుపు ఒక పట్టాన పోదు. ఎర్రగా మంట పుట్టేదాకా తోమింది. వచ్చి పలక మీద నిలబడింది. మండపం దగ్గర పసుపు రాసుకున్న కాళ్ళకు ఎప్పటిలా తొంభై ఒకటి రావలసింది, నలభై తొమ్మిది వచ్చింది. కొండెక్కిన కాళ్ళకు రావలసిన అంకె అది. పదకొండేళ్ళుగా తన కాళ్ళు నిజమే చెబుతున్నాయి.

లోపల డాక్టరమ్మ మునెమ్మ చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే నిలిచింది. గుండె బలహీనపడి కాళ్ళకు నీరు దిగిందని చెప్పింది.

"ఇది నిన్నా మొన్నటిది కాదు. ఏడాది పైనే అయుంటుంది. ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా కాళ్ళు పట్టారా? పట్టినవాళ్ళ వేలికి తెలిసుండేది."

అప్పుడే వచ్చిన చెంగల్రాయులు తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"నేను రోజూ అడగతానే ఉంటి మేడం."

"ఏమని?"

ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచి, తను రోజూ అడిగిన మాట ఏమిటో అప్పుడే విన్నవాడిలా ఆగిపోయాడు. "ఎంత అని," అన్నాడు చివరికి.

మరునాడు వకుళ సేదశాలకు వెళ్ళి తమ అయిదుగురి దినచర్య పట్టిక అడిగింది. అక్కడి మేనేజరు మర్యాదస్తుడే. దాపరికం లేకుండా తీసి చూపించాడు.

"ఎనభై దాటితే గూడు వైద్యం చెయ్యదమ్మా. తేరుకున్న ఒంటికి మళ్ళీ వైద్యమెందుకు? దీపం వెలుగుతాది, పాట వస్తాది, తలుపు మూసుకుంటాది. అంతే."

కొండెక్కి వచ్చిన రోజులు నూట ముప్పై. ఆ రోజుల్లో అయిదుగురిలో ఎవరికీ ఒక్కసారి కూడా చల్లపొగ రాలేదు, ఎర్రకాంతి పడలేదు. మునెమ్మకైతే పదకొండేళ్ళలో ఏ ఒక్క రోజూ లేదు. గూళ్ళను కనిపెట్టినవాళ్ళు వాటిని దూరదేశంలో, పాదాలకు పసుపు రాసుకోవడం ఎరగని ఆడవాళ్ళ మీద పరీక్షించారు. పలక కంటికి పసుపు నిండైన నెత్తురులా కనబడింది.

వకుళ ఆ పట్టికను మళ్ళీ మొదటి నుంచి చదివింది. మరి శనివారం కొండెక్కినా, ఆ వైద్యం లేకుండానే మంగళవారానికల్లా తమ కాళ్ళు మామూలైపోయేవి కదా. గూళ్ళు రాకముందూ మంగళవారానికే అయ్యేవి. తలుపు మూసుకుని, ఎవరూ పిలవకుండా నలభై నిమిషాలు పడుకోవడమే వైద్యమైతే, దానికి జీతంలో మూడో వంతు ఎందుకు? మిగతా ఊరివాళ్ళకు గూడు మేలు చేసిందో లేదో ఆమెకు తెలియదు. తమకు మాత్రం అది చేసింది ఒకటే. ఒకరి ఒంటి సంగతి ఒకరు అడగనక్కరలేదని నేర్పింది.

వారం తిరిగేసరికి ఊరంతా గగ్గోలైంది. డిపోలో ఆడ డ్రైవర్ల కాళ్ళు కడిగించి మళ్ళీ అంకెలు తీస్తే సగం బస్సులు ఆగిపోయాయి. ఘాట్ రోడ్డు మలుపులు తలుచుకుని జనం గుండెలు పట్టుకున్నారు. గూళ్ళ కంపెనీ విచారం ప్రకటించి, పాదశుద్ధి సబ్బు ఒకటి తయారుచేసి చందాలో కలిపింది. చాలామంది ఆ సబ్బు కొనుక్కుని, మళ్ళీ గూళ్ళకే పోయారు.

పదో రోజున మునెమ్మను మామూలు గదిలోకి మార్చారు. ఇక బస్సు తోలకూడదన్నారు. కొండ సంగతి తరువాత చూద్దామన్నారు. ఆమె చేతికి పట్టీ లేదు. ఆ మధ్యాహ్నం వకుళ చిన్న సీసాలో నువ్వులనూనె తెచ్చింది. గట్టిగా నొక్కకుండా పైపైన రాయవచ్చని డాక్టరమ్మను ముందే అడిగి ఉంచింది.

మంచం పక్కన కూర్చుని, "ఎట్లుండావక్కా?" అంది.

మునెమ్మ అలవాటు కొద్దీ ఖాళీ మణికట్టు వైపు చూసుకుంది. తరువాత పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా పడుకుంటే ఊపిరాడదని, దిండ్లు పేర్చుకుని కూర్చుని నిద్రపోతున్నానని, చెప్పులు బిగుతైతే కొత్తవి కొనుక్కున్నానని, అంకె చూసి నా మనసే సోమరిదనుకున్నానని. వకుళ వింటూ నూనెను అరచేతుల్లో వెచ్చ చేసింది. కుడికాలు మెల్లగా పట్టింది. ఏడో మైలు నూనె వాసన గదంతా నిండింది. చీలమండ పైన వేలు ఆనించి తీస్తే ఇంకా చిన్న గుంట పడుతోంది. మొదటి రోజంత లోతుగా లేదు. వకుళకు కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"దీనికి పదకొండేళ్ళు చేసినావు కదే," అంది మునెమ్మ. "ఎడం కాలు ఎప్పుడు పట్టేది?"

వకుళ సీసా తీసుకుని, మంచం అటువైపుకు వెళ్ళి కూర్చుంది.