రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద. మొదటిది తొక్కడం మర్చిపోయేవాళ్లు ఉంటారు కాబట్టే రెండోది పెట్టారు. ఈ మాస్టారు మాత్రం ఎవరూ ఏమీ మర్చిపోకముందే తొక్కుతాడు.

ఆమె మొదటి క్లాసుకి వచ్చిన రోజు కారు నాలుగడుగులు కదిలిందో లేదో, ధన్‌మని ఆగిపోయింది.

"ఎందుకు తొక్కారు?" అంది ఆమె.

"ఎదురుగా కుక్క ఉంది మేడం."

"అది పడుకుంది."

"లేస్తే?"

"లేచాక తొక్కుదామనుకున్నాను."

"లేచాక తొక్కితే ఏం లాభం?"

"లేవకముందే తొక్కితే ఇంకెళ్లేదెప్పుడు మాస్టారూ?"

కుక్క ఒక కన్ను తెరిచి ఇద్దర్నీ చూసి, మళ్లీ మూసుకుంది. ఆమెకి లైసెన్సు వచ్చింది. వచ్చాక కూడా శనివారం శనివారం క్లాసుకి వస్తూనే ఉంది. ఎందుకు వస్తోందో స్కూలు పక్కన టైర్లకి గాలి పట్టే పెద్దాయనకి మొదటి వారమే అర్థమైంది. మాస్టారికి అర్థమయ్యేసరికి వానాకాలం వచ్చింది.

ఆమె పని సాసులూ సూపులూ తయారుచేసే కంపెనీలో రుచి చూడటం. తెల్ల గోడల గది, వరసగా చిన్న కప్పులు, పక్కన గోరువెచ్చని నీళ్లు. ఆ గదిలో నియమాలు రెండే. ముఖంలో ఏమీ కనబడనివ్వకూడదు, ఎందుకంటే పక్కవాడు నీ ముఖం చూసి తన అభిప్రాయం మార్చేసుకుంటాడు. రుచి గొంతు దిగి పూర్తిగా ఆగిపోయేదాకా నోరు మెదపకూడదు. ఏళ్ల తరబడి అలా పనిచేసి ఆమె ఇంటి దగ్గరా అలాగే తయారైంది. జోక్ చెబితే ముఖం కదలదు, కాసేపయ్యాక ఇంకేదో మాట్లాడుతుండగా నవ్వుతుంది. తోటివాళ్లు ఆమెని 'రాయి' అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె ఏమీ అనుకోదు. అనుకున్నా తెలియదు.

ఒక్క సంగతి మాత్రం మాస్టారు కనిపెట్టాడు. చనువు పెరిగాక ఆమె అతన్ని 'నువ్వు' అంటుంది. కోపం వస్తే 'మీరు' అంటుంది. ఆ రాయి మీద చదవడానికి రాసి ఉన్నది అదొక్కటే.

ఆ సంవత్సరం శుక్రవారం సెలవొచ్చి మూడు రోజులు కలిసొచ్చాయి. కొండల్లో ఒక లోయ ఉంది, అక్కడికి వెళదామంది ఆమె. ఒకప్పుడు అక్కడి వేడినీటి ఊటల పక్కన పెద్ద హోటల్ ఒకటి నడిచేది. దాని యజమాని థాయ్ వంటవాళ్లని పిలిపించాడు. హోటల్ మూతపడింది, వంటవాళ్లు వెళ్లలేదు. లోయ పొడుగునా తలా ఒక చిన్న దుకాణం పెట్టుకున్నారు.

"అన్నిట్లోనూ తినాలి" అంది ఆమె.

"తింటూ కొండలు కూడా చూద్దామా?"

"దారిలో కనబడతాయిగా."

మాస్టారికి ఆ ప్రయాణంలో వేరే పని ఉంది. ఆమె కంపెనీ దూరాన మరో ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ కడుతోంది. అక్కడి రుచి గదికి ఆమెని అధికారిగా వెళ్లమన్నారు. సోమవారం జవాబు చెప్పాలి. ఆమె ఏం చెప్పబోతోందో ఆమె ముఖంలో వెతకడం దండగ. ఈలోపల పెళ్లి మాట అడిగెయ్యాలని అతని నిశ్చయం. అడక్కపోతే ఆమె వెళ్లిపోతుంది, శనివారాలు ఖాళీ అయిపోతాయి. 

"అడిగెయ్యిరా. ఆలస్యం అమృతం విషం" అంది వాళ్లమ్మ బయల్దేరేముందు. ఆ వెంటనే, "రెండు గదులు తీసుకున్నారుగా?" అని కూడా అడిగింది.

"తీసుకున్నామమ్మా."

అతనికున్న కారు స్కూలు కారు ఒక్కటే. నెత్తిన బోర్డుతో, వెనకద్దం మీద 'నిదానమే ప్రధానం' అన్న ఎర్రక్షరాలతో అది కొండెక్కింది. నడిపింది ఆమె. అతను పక్క సీట్లో కూర్చుని మలుపు మలుపుకీ బ్రేకు తొక్కాడు. మబ్బు అడ్డొచ్చినా తొక్కాడు.

"అది మబ్బు" అంది ఆమె.

"వెనక ఏమైనా ఉంటే?"

"ఇంకో మబ్బు ఉంటుంది."

జలపాతం దగ్గర ఆగినప్పుడు సన్నగా తుంపర మొదలైంది. వాన నీళ్లేవో, జలపాతం నీళ్లేవో తేల్చలేక ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. అది నిజానికి ఇద్దరికి సరిపోయే గొడుగు కాదు. అతని కుడి భుజం పూర్తిగా తడిసింది. ఎడమ భుజం ఆమె భుజానికి ఆనుకుని ఉంది కాబట్టి, కుడి భుజం గోడు ఎవరూ పట్టించుకోలేదు.

జలపాతానికి కాస్త పైన, రేకుల కప్పు కింద బల్లలేసిన దుకాణం ఉంది. నడిపేది ఒక థాయ్ వంటావిడ. వీళ్ల భాషలో ఆవిడకి వచ్చిన మాటలు కొన్నే, వాటిలో చాలా వరకు కూరగాయల పేర్లు. పచ్చి బొప్పాయి తురుము, మిరపకాయలు, నిమ్మరసం రోట్లో వేసి దంచి, పైన పల్లీలు చల్లి పెట్టింది. తర్వాత రొయ్యలతో పుల్లటి, కారం కారం టామ్ యమ్ సూపు తెచ్చింది. తెచ్చి అక్కడే నిలబడింది.

ఆమె ఒక చెంచా తాగింది. చెంచా కింద పెట్టింది. ముఖంలో ఏమీ లేదు.

వంటావిడ ముఖం వాడిపోయింది. "బాగా... లేదు?" అంది.

మాస్టారు గబుక్కున లేచాడు. "అయ్యో, అదేం లేదండీ! ఆమె ముఖం అంతే. మీరు తొందరపడకండి. కాస్త ఆగాలి, ఆమే చెబుతుంది. ఎప్పుడో చెబుతుంది, కానీ చెబుతుంది" అని చేతులతో, కళ్లతో, వచ్చిన అభినయమంతా చేసి చెప్పాడు. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, పక్కన ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

వాళ్లు తినడం అయింది, చేతులు కడుక్కోవడం అయింది. గుమ్మం దాకా వెళ్లాక ఆమె వెనక్కి తిరిగింది.

"నిమ్మాకులు దించే ముందు వేశారు కదూ? మొదట పులుపు, తర్వాత కారం, అన్నీ పోయాక ఆ వాసన ఒక్కటే మిగిలింది. ఇంత మంచి సూపు నేను తాగలేదు."

మాటలు అర్థం కాకపోయినా ఆవిడకి సంగతి అర్థమైంది. రేపు మళ్లీ రమ్మని, కిటికీ పక్క బల్ల చూపించింది.

"చూశారా, ఆగమన్నానా!" అన్నాడు మాస్టారు ఆవిడతో, సూపు తానే కాచినంత గర్వంగా.

మర్నాడు పొద్దున్నే సరస్సు చూశారు. మరో రెండు దుకాణాల్లో గ్రీన్ కర్రీ, నూడుల్స్ తిన్నారు. ఒకచోట కొబ్బరిపాలు ఎక్కువయ్యాయని ఆమె చెప్పింది, తిన్న గంటకి, పడవలో. మధ్యాహ్నం వాన జోరందుకునే వేళకి మళ్లీ కిటికీ పక్క బల్ల దగ్గరికి చేరారు. అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. కింద లోయ కనబడుతోంది, మాయమవుతోంది. సూపు ఇంకా రాలేదు. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాడు అతను.

"నీతో ఒక మాట."

"ఊఁ."

"మనం పెళ్లి చేసుకుందామా?"

ఆమె చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. అతని వైపే చూస్తోంది. ముఖంలో ఏమీ లేదు.

అతను ఆగాడు. ఆగాననే అనుకున్నాడు. పెనం మీద నూనె ఒక్కసారి చిటపటలాడింది, అంతే. అతని కుడి పాదం, కారు లేదు, బ్రేకు లేదు, నేలని గట్టిగా తొక్కింది.

"అబ్బే, ఊరికే అన్నాను" అన్నాడు. "నీకు ఉద్యోగం ముఖ్యం కదా ఇప్పుడు. జోక్. ఆ సాసు సీసా ఇటివ్వు."

ఆమె సీసా ఇచ్చింది. సూపు వచ్చింది. 

"మీరు సాసు ఎక్కువ వేసుకుంటున్నారు" అంది ఆమె.

మాస్టారు చెంచా కింద పెట్టేశాడు. వంటావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అడక్కుండానే స్టికీ రైస్, మామిడి ముక్కలు పళ్లెంలో తెచ్చి అతని ముందు పెట్టి, భుజం తట్టి వెళ్లింది.

ఆదివారం పొద్దున గెస్ట్‌హౌస్ వరండాలో అతను అమ్మకి ఫోన్ చేశాడు.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. నేనే జోకని చెప్పేశాను."

"అడిగాక ఎంతసేపు ఆగావు?"

మాస్టారు ఫోన్ ఈ చెవి మీంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఒరేయ్, ఆ పిల్ల మనింటికి భోజనానికి వచ్చింది గుర్తుందా? నా కూర తిని నోరు మెదపలేదు. నచ్చలేదనుకుని రాత్రంతా బాధపడ్డాను. రెండు రోజులు పోయాక ఫోన్ చేసి, 'ఆంటీ, చివర్లో వచ్చిన ఆ తీపి ఉల్లిపాయలు సన్నసెగ మీద వేయించడం వల్లేనా?' అంది. ఇన్నేళ్లు వండి పెట్టాను, మీ నాన్న గానీ నువ్వు గానీ ఆ తీపి ఉందని కనిపెట్టారా? కూరకే రెండు రోజులు తీసుకున్న పిల్లకి, జీవితానికి రెండు క్షణాలిచ్చావట్రా?"

"ఆలస్యం అమృతం విషం అన్నది నువ్వే కదమ్మా!"

"అడగడానికి అన్నాను. వినడానికి కాదు."

కారు కొండ దిగడం మొదలైంది. వాన వెలిసింది గానీ చెట్లు ఇంకా కురుస్తున్నాయి. రెండు మలుపులు దాటాక అతను నోరు తెరిచాడు.

"నిన్న నేను అడిగిన మాట..."

"మీరే వెనక్కి తీసుకున్నారు."

"తప్పు చేశాను. భయపడ్డాను. మళ్లీ అడుగుతున్నాను. పెళ్లి చేసుకుందామా?"

"మీ కాలు బ్రేకు మీద ఉంది" అంది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "అక్కడ కాలు పెట్టుకుని అడిగేవాళ్లకి నేను జవాబు చెప్పను."

అతను చెప్పులు విడిచాడు. కాళ్లు రెండూ సీటు మీదికి తీసుకుని, బెల్టు సర్దుకుని, పంక్తిలో భోజనానికి కూర్చున్నవాడిలా బాసింపట్టు వేసుకున్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆగు."

ఆ 'ఆగు'లో 'మీరు' లేదు. ఆ సంగతి పట్టుకోవడానికి అతనికి ఒక మలుపు పట్టింది. ఈలోగా ఎదురుగా లారీ వచ్చింది. అతని మోకాలు ఎగిరింది. రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఆమె పక్కకి తీసి లారీకి దారిచ్చింది. తర్వాత మేక ఒకటి సరిగ్గా రోడ్డు మధ్య నిలబడి ఆకు నములుతోంది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి కారు మేకకి దూరంగా, మెత్తగా ఆగి ఉంది. మేక తాపీగా వెళ్లింది.

 మలుపు. ఇంకో మలుపు. అతని జీవితంలో అంత పొడుగైన రోడ్డు మరొకటి లేదు. కానీ నోరు తెరవలేదు, కాలు దించలేదు. కాదన్నా సరే, ఆమె చెప్పేది పూర్తిగా విన్నాకే అనుకున్నాడు. ఆ మాట మనసులో అనుకున్నాక భయం సగం తగ్గింది.

కొండ కింద చదునైన చోట ఆమె కారు పక్కకి తీసి, ఇంజన్ ఆపింది.

"నిన్న నువ్వు అడగ్గానే సంతోషమేసింది" అంది. "కొత్త మాట వింటే ఎవరికైనా వేస్తుంది, దాన్ని నమ్మకూడదు. తర్వాత భయమేసింది. ఆ వెనక ఏమొస్తుందో చూద్దామని ఉన్నాను. నువ్వు సాసు అడిగావు."

"తర్వాత ఏమొచ్చింది?"

"కోపం. చాలా కోపం. రాత్రి పడుకునేదాకా ఉంది."

"తర్వాత?"

"పొద్దున లేచి చూస్తే అన్నీ పోయాయి. మొదటిది ఒక్కటే ఉంది. ఇంకా ఉందా అని కొండ దిగుతూ చూసుకున్నాను." ఆమె స్టీరింగ్ మీంచి చేతులు తీసింది. "ఉంది. చేసుకుందాం."

 ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి, కళ్ల నీళ్లు పెట్టుకుని అద్దంలోంచి ఎటో చూశాడు.

"ఇంకోటి కూడా విను. రేపు ఉద్యోగానికి సరేనని చెబుతున్నాను."

కుడి కాలు దానంతటదే కిందికి జారబోయింది. అతను దాన్ని లాక్కుని మళ్లీ మడిచి పెట్టాడు. ఆగాడు. ఈసారి నిజంగానే ఆగాడు. ఆగితే, ఆ మాటలో తను భయపడాల్సిందేమీ లేదని తోచింది.

"ఆ ఊళ్లో డ్రైవింగ్ స్కూలు ఉందా?" అన్నాడు.

"ఒకటుంది. కనుక్కున్నాను. ఆ మాస్టారు రెండో బ్రేకు లేకుండానే నేర్పుతాడట."

"దుర్మార్గుడు! జనం ఏమైపోవాలి?"

"అందుకే నువ్వు రావాలి" అంది ఆమె.

అప్పుడు నవ్వింది. ఆలస్యం లేకుండా, అప్పటికప్పుడే.

ఫోన్ మోగింది. అమ్మ. అతను ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"ఏమైందిరా?" అంటోంది అమ్మ అవతల.

"నేనండీ, అత్తయ్యా" అంది ఆమె.

నిన్నటిదాకా 'ఆంటీ'. అవతల చప్పుడు లేదు. అమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండగలదని అతనికి ఆరోజే తెలిసింది. ఇద్దరూ ఆగారు.

"నిదానంగా రండమ్మా" అంది అమ్మ చివరికి, ముక్కు ఎగబీల్చి. "వంట చేసి ఉంచుతాను. ఎలా ఉందో తీరిగ్గానే చెబుదువు గాని."

ఆమె కారు స్టార్ట్ చేసింది. అతను కాళ్లు దించలేదు. ఇల్లు చేరేసరికి రెండు కాళ్లూ తిమ్మిరెక్కి, కారులోంచి ఆమే చెయ్యిచ్చి దింపాల్సి వచ్చింది.