ఉత్తరంలో ఒక హోప్

“గీ ఉత్తరం మీరే రాసిన్రా?”

కరీంనగర్ గ్రంథాలయంలో పేపరు చదువుకుంటున్న జనార్దన్‌రావు ఉలిక్కిపడి చూశాడు. ఎదురుగా ఇందిరాదేవి! అక్కడికొచ్చే ఒకే ఒక్క ఇంగ్లీషు పేపరు కోసం ఏడాదిగా ఇద్దరికీ రోజూ పోట్లాటే. ఆ పోట్లాట లేనిరోజు ఈ లెక్కల మాస్టారికి అన్నం సయించదు.

“మీ బాపుకు రాసిన. మీ చేతికెట్ల వచ్చింది?”

“మా బాపు నిజాం కాలంల ఉర్దూల వకాలతు చదివిండు. ఇంగ్లీషు ముక్క రాదు. చదివి చెప్పు బిడ్డా అని నాకే ఇచ్చిండు.”

పెద్దాయన మెచ్చుకోవాలని రెండు రోజులు డిక్షనరీ తిరగేసి రాసిన పెళ్లి మాట, తిన్నగా పెళ్లికూతురి చేతిలోనే పడింది! మాస్టారికి తలెత్తడానికి ముఖం చెల్లలేదు.

“చొప్పదండి సంబంధపోళ్లకు రేపు మాట ఇస్తనన్నడు బాపు. మీరేమో మీ అమ్మాయి ఒప్పుకుంటదని ‘ఐ హోప్’ అని రాసిన్రు. ‘ఎక్స్‌పెక్ట్’ అనరాదా? హోప్ అంటే వాన కోసం మొగులు దిక్కు చూసుడు. ఎక్స్‌పెక్ట్ అంటే మొగులు పట్టినంక నాగలి కట్టుడు. మీకు గంత నమ్మకం లేదా?”

“నమ్మకం సంగతి గాదు. మిమ్మల్ని అడగకుంట ఎక్స్‌పెక్ట్ అంటే, మీరు ఒప్పుకునుడు నా హక్కన్నట్టు ఉంటది. హోప్ అంటే, మీరు కాదనెటందుకు జాగ ఉంటది.”

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే ఇందిర ఉత్తరాన్ని పదిలంగా మడిచింది. ఆమె కళ్లు చెమర్చాయి.

“గిప్పటిదాక వచ్చినోళ్లందరు ఎక్స్‌పెక్ట్ చేసినోళ్లే. నీకిష్టమేనా అని నన్ను అడిగినోడు లేడు,” అంది మెల్లగా. “హోప్ అట్లనే ఉండనియ్యున్రి. మా ఇంటికి నడువున్రి.”

బయట తుంపర మొదలైంది. గొడుగు ఆమె దగ్గరే ఉంది. పది అడుగుల వెనక తడుస్తూ నడవడం మాస్టారికి మహా హాయిగా ఉంది. తీరా ఇల్లు చేరాక ధైర్యం చాలక గేటు దగ్గరే ఆగిపోయాడు.

వరండాలో ఇందిర తండ్రి సుదర్శన్‌రావు, కూతురు చదివిందంతా తెలుగులో విన్నాడు.

“ఆశపడుతున్న అంటుండు. మంచిదే. మరి నువ్వేమంటవు బిడ్డా?”

ఇందిర తల వంచుకుంది.

“చొప్పదండోళ్లకు వద్దని రాయి బాపు.”

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు, గేటు వైపు చూశాడు, ఫక్కున నవ్వాడు.

“ఇంకేం ఫికర్! జర జల్ది పో బిడ్డా, అల్లుడు తడుస్తుండు. లోపటికి పిలువు!”