ఆదివారం నౌకరి

ఆ రోజుల్లో అమీర్‌పేట అంటే పట్నానికి ఆవలి ఊరే. తెల్లవారితే జొన్నచేలలో పిట్టలను తోలే కేకలు, ఖైరతాబాద్ వైపు కదిలే జట్కాల గంటలు. ఆ చప్పుళ్ల మధ్య జీవమణి జడ అల్లుకుంటోంది. పంజాగుట్టలోని పార్సీ దొర కంపెనీలో ఆమెకు ఆ పూట ఇంటర్వ్యూ. మిల్లులవాళ్లు, బట్టీలవాళ్లు తమ లెక్కలు పట్టుకొస్తే వ్యాపారం పెంచాలో మానాలో చెప్పే కంపెనీ అది. యుద్ధం రోజులు. మగవాళ్లు దొరక్క, చదివిన ఆడపిల్లలను కూడా పిలుస్తున్నారు.

చిక్కంతా వారంతోనే వచ్చింది, ఆ రోజు ఆదివారం. నిజాం రాజ్యంలో సెలవు శుక్రవారం. ఆదివారం ఆఫీసులన్నీ తెరిచే ఉంటాయి.

"ఏడికి?" తండ్రి సత్యరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆదివారం పనికి రానని చెప్పి బట్టల మిల్లు నౌకరి వదులుకుని, ఇంటి అరుగు మీద వడ్రంగం పెట్టుకున్న మనిషి. చర్చి సంఘంలో ఆ మాట ఇంకా గొప్పగా చెప్పుకుంటారు.

"నీకు ఎర్కే గద నాయినా. ఇంటర్వ్యూకు."

"దేవుని దినం నాడు నౌకరి అడగపోతే, దేవుని దినం నాడే చేయాల్సొస్తది. నేను ఇడిసిపెట్టినదాన్ని నా బిడ్డ ఏరుకొచ్చుకుంటదా? సంఘంల నా మొఖం ఏడ పెట్టుకోను?"

తల్లి మగ్దలీనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. భర్తకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి.

"జర చెప్పు. ఈ ఇంట్ల ఆదివారం ఎవరికి సెలవు?"

"అదేం మాట?"

"నువ్వు మిల్లు ఇడిసినవ్, నేను మంది బట్టలు కుట్టిన. సరే. పెండ్లయినకాడికెంచి ఆరాధనల ఆఖరి దీవెన ఒక్కసారన్న విన్ననా? అయ్యగారు ప్రసంగం మొదలువెట్టంగనే ఇంటికి ఉరుకుడే. నువ్వొచ్చేసరికి వేడి అన్నం ఉండాలె. నా పని పని కాదా? దానికి ఏమనని దేవుడు, పిల్ల లెక్కలు చూస్తే అంటడా?"

సత్యరాజు గుమ్మంలోంచి తప్పుకున్నాడు.

పంజాగుట్ట బంగళాలో దొర ఒక్కటే అడిగాడు. ఇటుక బట్టీ యజమాని ఒకాయనకు నిరుడు మస్తు లాభం వచ్చింది. పొలం అమ్మి రెండో బట్టీ పెడతానంటున్నాడు. పెట్టమందామా?

జీవమణి అంకెలు చూసింది. "ఇటుకలు ఎవరు కొన్నరు సార్?"

"ఫౌజు. బ్యారక్‌లు కడుతుండ్రు."

"అయితే వద్దు. గీ లాభం ఇటుకలది కాదు, లడాయిది. లడాయి అయిపోతే రెండు బట్టీలు చల్లారుతయ్, పొలం సుత ఉండది."

దొర నవ్వాడు. "రేపటి నుంచే రా బేటీ. జుమ్మా సెలవు, ఇత్వార్ పని."

ఊఁ అంటే నౌకరి చేతిలో ఉన్నట్టే.

"ఆదివారం ఆరాధన అయినంకనే వస్త సార్. ఆ తక్కువైన పని శుక్రవారం వచ్చి చేస్త."

"జుమ్మా నాడు దఫ్తర్‌కు తాళం. తీసేదెవరు?"

"తాళంచెవి నాకియ్యుండ్రి."

దొర బల్ల సొరుగు లాగి తాళంచెవి తీశాడు. "నౌకరిల చేరకముందే తాళంచెవి అడిగినోళ్లను నేను చూడలే. సరే, తీస్కో."

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వంటిల్లంతా పొగ. పొయ్యి ముందు సత్యరాజు, కళ్లు ఎర్రబడి, చొక్కా నిండా బూడిద.

"అమ్మేది నాయినా?"

"గుడిల. లేవబోతుంటే ఆడోళ్ల వరుస కాడికి పోయి, చెయ్యి పట్టి కూసోవెట్టిన. అందరు చూసిండ్రు. చూడనియ్." అతను మూత తీసి లోపలికి చూశాడు. "అన్నం అడుగంటింది. నీ సంగతేమాయె?"

"దొరికింది. ఆదివారం ఆరాధన అయినంకనే పోత."

"తిని పో. నేనొండుత."

అప్పుడే దారిలో మగ్దలీనమ్మ కనిపించింది. ఆదివారం నాడు తల్లి ఉరకకుండా నడిచి రావడం జీవమణి ఎప్పుడూ చూడలేదు. ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చింది.

"దీవెన ఎట్లున్నదమ్మా?"

మగ్దలీనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "గింతంతే ఉన్నది బిడ్డా. రెండు మాటలు. అన్నేండ్లు జర ఆగకపోతిని."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.